పకోడీల పొట్లం కింద ఆరేళ్ల కథ

ఆరేళ్లపాటు రాక్షసులూ, మంత్రగత్తెలూ, ఒక రెండు తలల పులీ కలిసి చంపలేకపోయిన ముగ్గురు వీరులను నేను ఒక్క ఆదివారం మధ్యాహ్నం చంపేశాను. కత్తి పట్టలేదు. కుర్చీలోంచి లేవలేదు. ఆ సమయానికి నా నోట్లో ఉల్లిపాయ పకోడీ కూడా ఉంది. ఇంత ఘనకార్యం చేసినవాడు నోరు మూసుకుని ఊరుకోలేడు కదా, అందుకని మీకు చెబుతున్నాను. కానీ మీరు నవ్వే చోట నవ్వండి, తిట్టే చోట కొంచెం దయ చూపించండి.

నాకప్పుడు యాభై రెండేళ్లు. ఉక్కునగరం క్వార్టర్లో కాపురం, స్టీలు ప్లాంటులో ఇరవై ఎనిమిదేళ్లుగా షిఫ్టు డ్యూటీ. షిఫ్టు మనిషికి స్నేహితులు మిగలరండీ. లోకం లేచే వేళకి వాడు పడుకుంటాడు, లోకం పెళ్లికి పిలిచిన రోజున వాడికి డ్యూటీ పడుతుంది. రెండు మూడుసార్లు చూసి లోకం పిలవడం మానేస్తుంది. ఆ ఏడాది డాక్టరు నా బీపీ చూసి, పగటి డ్యూటీకి మార్పించాడు. దాంతో నాకు ఒక్కసారిగా ఆదివారాలు వచ్చి పడ్డాయి. పొద్దున చర్చికి వెళ్లి వస్తే, ఆ తర్వాత రోజంతా ఖాళీ. ఫ్రిజ్ తలుపు తీసేవాడిని, లోపలికి చూసేవాడిని, మూసేవాడిని.

"ఏటి సేత్తన్నారు మీరు?" అంది మా ఆవిడ రూతు. "ఆ తలుపు ఊడి సేతికొచ్చీలా ఉంది. అలగ ఎక్కడికైనా ఎల్లండి!"

"ఎక్కడికెల్తాను? నాకెవులు తెలుసు?"

అన్నది నేనే. అన్నాక నాకే మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లలో ఊళ్లో ఒక్క గుమ్మం కూడా నాదని చెప్పుకోవడానికి లేదు.

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ నూకరాజు చెవిన పడింది. నూకరాజు సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి, ఆదివారం మా సెక్టారులో ఇంటింటికీ చేపలు తెస్తాడు. బుట్ట దించి, "బావా, మజ్జేనం గోపాలపట్నం రా. ఆటాడదాం" అన్నాడు.

"పేకాటైతే నాను రాను."

"పేకాట కాదు బావ. నాను గొడ్డలట్టుకుని గుహలోకి ఎల్తాను. లోపల రాచ్చసుడుంటాడు. నరికీడమే!"

నేను రూతు వంక చూశాను. రూతు చేపల వంక చూసింది.

తరవాత వివరంగా చెప్పాడు. టేబులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక వీరుడి వేషం. "ముందు నది ఉంది, ఏం చేస్తారు?" అని కథ నడిపే మనిషి అడిగితే, ఎవరి వీరుడు ఏం చేస్తాడో వాళ్లు నోటితో చెప్పాలి. అది నెగ్గుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే బతుకు, చిన్నది పడితే చావు. నూకరాజు కూతురికి ట్యూషన్ చెప్పే సునీత అనే టీచరు ఈ ఆట నడుపుతోంది. కూతుర్ని తీసుకెళ్దామని వెళ్లిన నూకరాజు ఒకరోజు పక్కన కూర్చుని, ఆరేళ్లయినా లేవలేదు. రోజూ సముద్రంలో ఉండే ఈ మనిషి ఆటలో ఎవరి వేషం కట్టాడనుకున్నారు? నీళ్లంటే భయపడే కొండ వీరుడిది!

నాకు సరదాగానే అనిపించింది. కానీ ఆరేళ్ల ఆట! అందులో ఇప్పుడు చేరడమంటే పెళ్లి భోజనాల్లో మజ్జిగ పోస్తుండగా వెళ్లి విస్తరి ముందు కూర్చోవడమే. రెండు వారాలు తర్జనభర్జన పడ్డాను.

"నవ్వుతారేమో రూతూ."

"నవ్వితే నవ్వుతారు. ఇంట్లో నాను నవ్వతం లేదేటి? ఎల్లండి!"

వెళ్లాను. గోపాలపట్నంలో టిఫిను దుకాణం మీద మేడగది. కిటికీలోంచి సింహాచలం కొండ కనబడుతోంది. టేబులు దగ్గర నూకరాజు, పోస్టాఫీసులో రిటైరైన కాంతం గారు, ఏసీలు బాగుచేసే రఫీ. కాంతం గారి వేషం గజదొంగ. రఫీది వైద్యుడు. సునీత నాకు కోట కాపలావాడి వేషం ఇచ్చి, "టీ చెప్పి వస్తాను, కూర్చోండి అంకుల్" అని కిందికి వెళ్లింది. మిగతా ముగ్గురూ పకోడీల దగ్గర చేరారు.

ఇక్కడ మా ప్లాంటు పద్ధతి ఒకటి మీరు తెలుసుకోవాలి. డ్యూటీ ఎక్కగానే మొదట టేబులు మీది లాగ్ బుక్కు తీయాలి. ముందు షిఫ్టువాళ్లు ఏం రాశారో పూర్తిగా చదవాలి. చదివి సంతకం పెట్టాలి. ఆ తరవాత మన గ్యాంగుని నిలబెట్టి, ఎక్కడ ఏ ప్రమాదం ఉందో బిగ్గరగా చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కరోజు కూడా నేనిది తప్పలేదు.

సునీత కుర్చీ ముందు ఒక లావుపాటి నోట్‌బుక్ ఉంది.

మీకు అర్థమైపోయింది. నాకు కాలేదు. తీశాను, చివరి పది పేజీలు శ్రద్ధగా చదివాను, అడుగున "చదివితిని, చార్జి తీసుకుంటిని" అని రాసి సంతకం పెట్టాను. సునీత టీతో వచ్చేసరికి లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను.

"అందరూ జాగర్తగా వినండి! మిమ్మల్ని నది దాటిస్తన్న ముసలి పడవ తాత మనోడు కాదు. రెండేళ్లనుంచీ రాచ్చసుడి మనిషే. ఈవేళ నడి నదిలో పడవ ముంచీస్తాడు. ఎవులూ ఎక్కొద్దు!"

కాంతం గారి చేతిలో పకోడీ నోటికీ పొట్లానికీ మధ్య ఆగిపోయింది.

"పడవ తాతా?" అన్నాడు నూకరాజు, సొంత తాత పోయినట్టు. "నీళ్లకాడ నాను నమ్మింది ఆడొక్కడినే కదేటి!"

సునీత టీ గ్లాసులు మెల్లగా కింద పెట్టింది. "రెండేళ్లు దాచుకున్నాను అంకుల్. ఇవాళ చెబుదామని."

"లాగ్ బుక్కు కదమ్మా..." అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం మొహం ఎత్తలేక టేబులు కింద పడిపోయిన పెన్సిలు వెతికింది. ఆ రోజు ఆట అక్కడితో ఆగిపోయింది.

ఇంటికొచ్చి రూతుతో చెప్పాను, ఇక వెళ్లనని. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. దొరక్క దొరక్క ఒక గుమ్మం దొరికితే దాన్ని నా చేత్తో నేనే మూసుకున్నాను. కానీ గురువారం సునీత ఫోను చేసింది. "ఆదివారం తప్పకుండా రావాలి అంకుల్. మీకొక పని చూసి పెట్టాను." ఏం పని అని అడిగేలోపే స్కూలు బెల్లు మోగింది, పెట్టేసింది. నాకు తెలిసిపోయింది. నాకు పరీక్ష పెడుతోంది!

ఆదివారం వెళ్లేసరికి అదే నోట్‌బుక్, ఈసారి సరిగ్గా నా కుర్చీ ముందు. చూశారా, పరీక్ష! నేను దాని వంక కన్నెత్తి చూస్తే ఒట్టు. పొరపాటున కన్ను పడుతుందేమోనని పకోడీల పొట్లం విప్పి దాని అట్ట మీద పెట్టేశాను. నూనె మెల్లగా పాకింది.

ఆట మొదలైంది. పడవ తాత ఇక లేడు కనక నది దాటడానికి తాళ్ల వంతెనే గతి.

"వంతెన పాతగా ఉంది," అంది సునీత. నా వంక తిరిగింది. "కాపలావాడు ఏమైనా చెబుతాడా?"

"చెప్పడు," అన్నాను గట్టిగా.

"ఆలోచించుకోండి అంకుల్."

"ఆలోచించీసినాను. కాపలావోడికి ఏటీ తెల్దు."

ముగ్గురూ వంతెన ఎక్కారు. సునీత గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గింది. కనుబొమలు ఎగరేసింది. పాపం కంట్లో నలక పడిందనుకున్నాను.

"కాపలావాడు నిజంగానే ఏమీ చెప్పడా?"

"సచ్చినా సెప్పడు!" అని నేనూ వంతెన ఎక్కి, ఇంకో పకోడీ నోట్లో వేసుకున్నాను.

తాళ్లు తెగాయి. పాచిక వేశారు. రఫీకి రెండు, కాంతం గారికి మూడు, నూకరాజుకి ఒకటి. నాకూ ఒకటే. పాచిక పడ్డాక ఇక మాట లేదన్నది ఆ టేబులు కట్టుబాటు. నలుగురం నదిలో పోయాం.

సునీత నా వంక చూసింది. "అంకుల్, నోట్‌బుక్ చదవలేదా?"

"ముట్టుకోలేదమ్మా!" అన్నాను, మెడల్ కోసం మెడ చాపినంత గర్వంగా.

"మీ కోసమే కదా పెట్టాను! కాపలావాడికి రాబోయేది ముందే తెలుస్తుందని కథ మార్చాను. వంతెన తెగుతుందని రాసి, అట్ట మీద మీ పేరు కూడా పెట్టాను."

పొట్లం ఎత్తాను. నూనె మరకలోంచి "దైవసహాయం అంకుల్‌కి, లాగ్ బుక్కు. చదివి మనవాళ్లకి చెప్పండి" అన్న అక్షరాలు నన్ను చూశాయి. మీరు నమ్మండి, నేను కూడా ఆ నదిలోనే ఉండిపోవాలనుకున్నాను.

"ఆరేళ్లు," అన్నారు కాంతం గారు సన్నగా.

నూకరాజు తన వీరుడి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఆరేళ్లకి అంచులు నలిగి, చేపల వాసన పట్టిన కాగితం. వేలితో అంచులు సర్దాడు. తరవాత భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నాను. పగలబడి నవ్వుతున్నాడు.

"రోజూ సంద్రంలో దిగి గంగమ్మతో ఆడుకునే నాను, పకోడీల పొట్లం వల్ల నీళ్లలో సచ్చిపోనాను బావా! ఈ మాట మా పేటలో సెప్తే నన్ను వలేసి ఎతుకుతారు!"

రఫీ మొదలెట్టాడు, కాంతం గారు కళ్లు తుడుచుకుంటూ మొదలెట్టారు. ఆఖరికి సునీత టేబులు మీద తల వాల్చి నవ్వింది. నేను క్షమాపణ చెబుదామని మూడుసార్లు లేచాను, మూడుసార్లూ నూకరాజు నా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

"నాను పోతాను నూకరాజూ. లేటుగా వొచ్చి మీ ఆట పాడు సేసినాను."

సునీత బ్యాగులోంచి తెల్ల కాగితాలు తీసి నలుగురికీ తలా ఒకటి వేసింది. కొత్త వీరులు, మొదటి మెట్టు, మొదటి రోజు. నూకరాజు తన పెన్సిలు విరిచి సగం నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు సెప్పు బావా. ఈ టేబులు కాడ లేటుగా వొచ్చినోడు ఎవడు?"

నేను ఆ సగం పెన్సిలుతో కాగితం మీద నా కొత్త వీరుడి పేరు రాశాను. నాలుగేళ్లయింది, ఆ పెన్సిలు ముక్క ఇప్పటికీ నా జేబులోనే ఉంది. నాతోపాటు మొదలవడం కోసం తమ ఆరేళ్లు నదిలో వదిలి నవ్వినవాళ్లకి ఏమని చెబుతారు?

కనక ఇందుమూలంగా, రూతు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పుస్తకమైనా ఎవరిదో అడగకుండా తెరవను, ఎవరికో అడగకుండా మూయను. అన్నిటికంటే ముఖ్యం, నా జన్మలో మళ్లీ ఏ పుస్తకం మీదా పకోడీల పొట్లం పెట్టను. చదివితిని, చార్జి తీసుకుంటిని. సంతకం, దైవసహాయం.