మునెమ్మ కథకు ఊ కొట్టింది ఎవరు

నేను రేడియోలో మాట్లాడే మనిషిని. మాటలు పేర్చడం నా పని. అందుకే ఈ సంగతి ఎవరికి చెప్పినా, బాగా అల్లావులే అంటారు. నా కూతురి తల మీద చెయ్యి వేసి చెప్పమన్నా చెబుతాను... ఇందులో ఒక్క ముక్క నేను అల్లింది లేదు. నా చెవులతో విన్నాను. ఇన్నేళ్ళుగా నాకు కూడు పెడుతున్నవి ఈ చెవులే. వీటిని నమ్మకపోతే ఇంక దేన్నీ నమ్మలేను.

మాది హోసూరులో ఒక చిన్న రేడియో. చుట్టుపక్కల పల్లెల దాకా వినిపిస్తుంది, అంతే. తమిళం, కన్నడం, తెలుగు... మూడు భాషల్లోనూ పాటలు, కథలు వేస్తాం. తెలుగు కథల కార్యక్రమం నాది. పాత కథలు చెప్పే ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ గొంతులోనే రికార్డు చేసుకొస్తాం. బాగలూరు పూలతోటల్లో పనిచేసే ఆడవాళ్ళు, మూకండపల్లిలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన కుర్రవాళ్ళు వింటూ ఉంటారు.

జవళగిరి దగ్గర మునెమ్మ అని ఒక అవ్వ ఉందనీ, ఆమెకు తెలిసిన కథలు ఇంకెవరికీ తెలియవనీ చాలామంది చెప్పారు. వెళ్ళాను. కాదంది. కొన్నాళ్ళాగి మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ కాదంది.

“కథ చెప్పేదానికి నోరుంటే చాలదు పాపా. ఊ కొట్టే మనిషి ఉండల్ల. ఆ మనిషి పోయినాడు.”

ఆ మనిషి ఆమె భర్త, చిన్నప్ప. వాళ్ళ రాగి చేను అడవి అంచునే ఉంది. పంట చేతికొచ్చే కాలంలో ఏనుగులు దిగుతాయి. మొగుడూ పెళ్ళాం మంచె ఎక్కి తెల్లవార్లూ కాపలా కాసేవారట. నిద్ర పట్టకుండా ఈమె కథ చెప్పేది, ఆయన ఊ కొట్టేవాడు. ఊ ఆగిందంటే ఆయన నిద్రపోయినట్టు. గిల్లి లేపేది. పెళ్ళయిన ఏడాది మొదలుకొని అదే వరస.

“ఆయప్ప పెద్దగా మాట్లాడే మనిషి గాదు. నాతో చెప్పల్లనుకునిందంతా ఆ ఊ లోనే చెప్తా ఉండె. నచ్చిన ఊ వేరే. నచ్చని ఊ వేరే. కడుపులో బాధగా ఉంటే ఆ ఊ వేరే.”

ఆయన జ్వరం వచ్చి పోయాడు. అప్పటినుంచీ ఆమె నోట ఒక్క కథ రాలేదు. పక్కింటి పిల్లలు అడిగితే మొదలుపెట్టేది... రెండు మాటల దగ్గరే ఆగిపోయేది.

ఒకనాడు ఆమే కబురు పంపింది. వెళితే, “ఈ కథలు నాతోనే పోతాయేమో పాపా. రాసుకొనేదానికి నాకు అచ్చరాలు రావు. నువ్వే ఊ కొట్టల్ల మళ్ళ,” అంది.

పగలంతా ట్రాక్టర్లు, కోళ్ళు, బోరు మోటార్లు. రికార్డింగు కుదరదు. చీకటి పడ్డాక నేనూ, మా రికార్డింగు చూసే శివన్నా వెళ్ళాం. ఆ సందులోకి వ్యాను రాదు. వీధి చివరే ఆపి మిషను మోసుకొచ్చాం. ఒక్కటే గది. వెనక కోసేసిన రాగి చేను. ఆ వెనక అడవి. గడపలో అవ్వ కుక్క పడుకుని ఉంది. నేను అవ్వ ఎదురుగా నేల మీద కూర్చుని హెడ్‌ఫోను పెట్టుకున్నాను.

“అక్కా, నువ్వు ఊ అంటే అవ్వ మాట మీద పడతాది. తల ఊపు, చాలు,” అన్నాడు శివన్న.

అవ్వ మొదలుపెట్టింది. ఆగింది. నా మొహంలోకి చూసింది. తల ఊపాను. ఇంకో మాట... మళ్ళీ ఆగింది.

“తల ఊపితే నాకేమి వినబడతాది?” అంది. కోపంగా కాదు. పాపం, సిగ్గుపడుతున్నట్టు అంది.

అప్పుడు కరెంటు పోయింది. మిషను బ్యాటరీ మీద నడుస్తోంది. టార్చి తెస్తానని శివన్న వ్యాను దగ్గరికి వెళ్ళాడు. నా చెయ్యి నాకే కనబడటం లేదు. ఇంక ఈ పూటకి ఇంతేలే అనుకున్నాను.

అవ్వ ఎవరినీ అడక్కుండా మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

“ఒక ఊళ్ళో అన్నా చెల్లీ ఉండిరి...”

ఊ...

నేను అనలేదు. నా పెదవులు బిగిసి ఉన్నాయి.

“అన్న దూరంగా కొండకింద చేన్లో ఉండె. చెల్లెలు కుండలో సంగటి పెట్టుకొని పోతా ఉండె...”

ఊ...

ఎడమ చెవిలో. అంటే... అవ్వ వెనక గోడ వైపు తిరిగి ఉన్న మైకులోంచి. చేను ఉన్న వైపు. గొంతులోంచి కాదు, రొమ్ము అడుగునుంచి వచ్చినట్టుంది. శివన్నేనేమో అనుకున్నాను. కానీ శివన్నది సన్నటి గొంతు.

హెడ్‌ఫోను తీసేశాను. ఏమీ లేదు. కీచురాళ్ళు, అంతే. కానీ నేల మీద ఆనించిన నా అరచేతికి... సన్నగా అదురు తగిలింది. మళ్ళీ పెట్టుకున్నాను.

ఊ...

లేచి పరుగెత్తాలనిపించింది. గడప దగ్గర కుక్క ఉన్నట్టు గుర్తుకొచ్చింది. అది మొరగడం లేదు. టప్... టప్... అని ఏదో చప్పుడు. తోక. తోకతో నేలను కొడుతోంది. ఇంటి మనిషి వచ్చినప్పుడు కొట్టినట్టు.

అవ్వ గొంతు మారిపోయింది. ముసలి గొంతు కాదది. ఒక మాట చెప్పేది, ఆగేది, ఊ వచ్చాక తర్వాతి మాట ఎత్తుకునేది. దారిలో ఏరు అడ్డమొచ్చి చెల్లెల్ని సంగటి ముద్ద అడిగిందట. ఇచ్చిందట. కొండ అడిగిందట. దానికీ ఇచ్చిందట. “అడిగితే లేదనేది తెలీదు ఆ పిల్లకు,” అని అవ్వ కిలకిలా నవ్వింది. ఆ నవ్వుకు వచ్చిన ఊ... అది వేరే ఊ. ఏం చెప్పను. నా భయం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. చీకట్లో నా కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

“చెల్లెలు చేను చేరినాది. అన్న ఆకలిగా కుండలోకి చూసినాడు. కుండలో ఏమీ లేదు. అప్పుడు అన్న ఏమన్నాడంటే...”

ఆగింది.

హెడ్‌ఫోను చెవులకు అదుముకున్నాను.

రాలేదు.

చాలాసేపు... రాలేదు. కుక్క తోక కూడా ఆగింది.

“నిద్రపోయినాడు,” అంది అవ్వ, మెల్లగా. “ముందైతే గిల్లి లేపుదును. ఇప్పుడు లేపేదేమిటికి? కాయల్సిన చేనా ఏమన్నానా. చాలు పాపా. ఈ పొద్దుకు చాలు.”

శివన్న టార్చితో వచ్చాడు. అవ్వ గొంతు విని, అడుగుల చప్పుడు రికార్డులో పడుతుందని అంతసేపూ సందు మొదట్లోనే నిలబడ్డాడట. గోడ వెనక్కి లైటు వేసి చూసి, గబగబా లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాడు. తెల్లారేదాకా కదలనివ్వలేదు.

పొద్దున నేనూ చూశాను. గోడను ఆనుకొనే ఏనుగు అడుగులు. ఒక్కదానివే. వచ్చి, చాలాసేపు నిలబడి, వెళ్ళిపోయినట్టు ఉన్నాయి.

“అది ఏనుగే అక్కా. లోపల్లోపల గుర్రుమంటాది. నేల అదరతాది,” అన్నాడు శివన్న.

అవ్వ ఇంటి చుట్టూ ఊడుస్తూ అంది: “ఏనుగ వాసన తగిలితే ఈ కుక్క ఊరంతా లేపతాదప్పా.”

ఆ అడుగుల మీద మాత్రం ఊడవలేదు.

ఏనుగే అనుకుందాం. మాట మధ్యలో ఒక్కసారీ గుర్రుమనలేదే. మాట ఆగిన చోటే... ప్రతిసారీ.

స్టూడియోలో ఆ చప్పుడు తీసేద్దామన్నాడు శివన్న. హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి తీసి బల్ల మీద పెట్టి, “ఉండనీలే అక్కా,” అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఉన్నది ఉన్నట్టే వేశాం, సగం కథే.

ఫోన్లు వచ్చాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. అన్న ఏమన్నాడు? అవ్వను అడిగితే, “ఆయప్ప లేసినప్పుడు చెప్తాలే,” అంటుంది. ఇప్పటికీ అదే మాట.

ఒక్క ఆమె మాత్రం వేరేగా అడిగింది. పూలు కోస్తూ చేసినట్టుంది, వెనక ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

“అమ్మా, ఆ ఊ కొట్టేది అవ్వ మొగుడా? ఎంత బాగా వింటాడమ్మా ఆయప్ప.”

ఆ ఫోను ప్రసారంలోనే నడుస్తోంది. ఊరంతా వింటోంది. ఎక్కడో జవళగిరిలో అవ్వ కూడా వింటూ ఉంటుంది.

“అవునమ్మా,” అన్నాను.

నోట ఎలా వచ్చిందో తెలియదు. ఆ రోజు నేను చెప్పింది నిజమో అబద్ధమో... ఇప్పటికీ నాకు తెలియదు.