ఉప్పంతా చేపలకే

మా క్యాంటీన్ వంట బాబాయికి ఒకటే అలవాటు. ఏం జరిగినా నెపం తీసుకెళ్లి చేపల మీద పెట్టేవాడు. టీ ఆలస్యమైందా, చేపలు లేటుగా లేచాయి. రొట్టె మాడిందా, చేపలు దిగులుగా ఉన్నాయని అటు చూస్తూ ఇటు మరిచిపోయాడు. ఒకరోజు చొక్కా తిరగేసి తొడుక్కొచ్చాడు. ఇదేంటి బాబాయ్ అంటే, "ఆ గళ్లు చూస్తే చేపలు బెదురుతున్నాయమ్మాయ్" అన్నాడు. మొహంలో ఒక్క గీత కదలలేదు. ఆ ధీమా చూస్తే జడ్జిగారైనా శిక్ష చేపలకే వేసేవారు.

మాది బస్సు డిపో క్యాంటీన్. వడ్డించడం, గిన్నెలు తోమడం నా పని. గోడవారగా పెద్ద గాజు తొట్టి, అందులో నాలుగు బంగారు చేపలు, రంగురాళ్లు, గాలి బుడగలకి మూత తెరుచుకుని మూసుకునే ప్లాస్టిక్ పెట్టె ఉండేవి. తొట్టి పక్క బల్ల ఏడో నంబరు రూటు డ్రైవరుది. అక్కడ ఇంకెవరైనా కూర్చుంటే హారన్ కొట్టినట్టు దగ్గేవాడు. మనిషి మంచివాడే. నోటికే బ్రేకులు లేవు.

ఒక సోమవారం బాబాయి గరిటె పట్టుకుని హాలు మధ్యలో నిలబడ్డాడు.

"రేపట్నుంచి మన తొట్టిలో సముద్రం."

"ఓడ ఎక్కడ ఆపుతావు బాబాయ్?" అన్నాడు ఏడో నంబరు.

"నీ బస్సు పక్కన."

మంచినీళ్ల చేపలు ఉప్పునీళ్లలో బతకవు కదా, నాలుగింటినీ బకెట్‌లో వేసి ఫస్ట్ ఎయిడ్ గది నర్సమ్మకి అప్పగించాడు. ఆయన చెప్పిన జాగ్రత్తలన్నీ వినేసరికి, రోజూ నలుగురికి సూది గుచ్చే మనిషికి చెమటలు పట్టాయి.

తర్వాత తొట్టి కడగడం నా వంతు. సబ్బు తీసుకుంటే చెయ్యి పట్టుకున్నాడు. "సబ్బు తగిలితే ఎంత కడిగినా వదలదు. ఒట్టి నీళ్లతో రుద్దు." రంగురాళ్లు తీసేసి అడుగున తెల్లటి పగడపు ముక్కలు పరిచాడు. చేపల షాపు నుంచి ప్రత్యేకమైన ఉప్పు పొడి సంచి తెచ్చాడు.

"మన స్టోరులో బస్తా ఉందిగా, అది వెయ్యకూడదా?" అన్నాను.

"వంటుప్పు గింజ కూడా పడకూడదు. చేపకి సముద్రంలో ఏమేం కావాలో అన్నీ దీన్లోనే కలిపి అమ్ముతారు."

సరే అనుకున్నాను. ఇక చూడాలి ఆయన తిప్పలు. బకెట్‌లో పొడి కలపడం, ఉప్పు కొలిచే గాజు మీటరు అందులో తేలేలా వదలడం, గీత మీద కన్ను పెట్టి ఇంకో చెంచా, ఇంకో అర చెంచా అనుకోవడం. జీవితమంతా కూరలో గుప్పిటతో ఉప్పేసిన మనిషి మరి.

ఆ రోజు మధ్యాహ్నం కూర చప్పగా ఉంది.

"బాబాయ్, ఉప్పు మరిచిపోయావు" అన్నాడు ఏడో నంబరు.

"మరవలేదు. తొట్టికి పోయింది."

"అంతానా?"

"సముద్రమంటే మాటలా?"

మర్నాడూ అంతే. ఆ మర్నాడు బల్లల మీది ఉప్పు సీసాలు కూడా మాయమయ్యాయి. అవీ తొట్టి పనికే కావాలట. మెకానిక్ ఒక ముద్ద తిని చెంచా కింద పెట్టేశాడు. "ఈ కూర తింటుంటే ఆసుపత్రిలో ఎవర్నో పలకరించడానికి వచ్చినట్టుంది."

పోనీ చేపలైనా వచ్చాయా అంటే, అదీ లేదు. నీళ్లు పండాలన్నాడు. కంటికి కనపడని పురుగులేవో ముందు నీళ్లలో పెరగాలట. చేపల మురికిని అవే తినిపెడతాయట. అందుకని ఒక రొయ్య ముక్క తొట్టిలో వేసి కుళ్లబెట్టాడు. రోజూ చిన్న గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలేసి, రంగు చూసి "ఇంకా పండలేదు" అనేవాడు. చేపల్లేవు గానీ టీ మాత్రం చేపల వల్లే ఆలస్యమయ్యేది.

"తొట్టి ఖాళీగా ఉంటే చేపలెలా ఆపాయి నిన్ను?" అని నిలదీశాడు ఏడో నంబరు.

"రాబోయే చేపల గురించి ఆలోచిస్తున్నా."

చివరికి డ్రైవర్లందరూ కలిసి మేనేజరు దగ్గరికెళ్లారు. ముందు నడిచింది ఏడో నంబరే. మేనేజరు బాబాయిని పిలిచి, నెలాఖరులోగా కూరలో ఉప్పు పడకపోతే వంటకి ఇంకొకర్ని చూసుకుంటానన్నాడు.

"నెలాఖరుకి నీళ్లు పండుతాయి సార్" అన్నాడు బాబాయి.

నేను తోమిన గిన్నే మళ్లీ తోమాను. ఆయన మాత్రం ఈల వేసుకుంటూ ఉల్లిపాయలు తరిగాడు. కళ్లు ఎర్రబడ్డాయేమని అడిగితే, చేపలు గుర్తొచ్చాయన్నాడు.

ఆ వారమే ఏడో నంబరు జేబులో ఉప్పు పొట్లం తెచ్చుకున్నాడు. అందరూ చూస్తుండగా దర్జాగా విప్పాడు. ఎక్కణ్ణించి ఊడిపడ్డాడో బాబాయి, పొట్లం లాక్కున్నాడు.

"దేవుడు పంపినట్టు తెచ్చావు. తొట్టికి చిటికెడు తక్కువైందని పొద్దున్నుంచి చూస్తున్నా."

"అది నా ఉప్పు."

"చేపలు నీ పేరు చెప్పుకుంటాయిలే."

ఒకటే నవ్వులు. బాబాయి పొట్లాన్ని రెండు చేతుల్తో పట్టుకుని తొట్టి వెనకగా వంటింట్లోకి వచ్చాడు. వచ్చి నా పక్కన సింకులో బోర్లించి, పంపు తిప్పేశాడు.

నేను తోమే గిన్నె వదిలేశాను. "వంటుప్పు గింజ కూడా తొట్టిలో పడకూడదన్నావు కదూ. స్టోరులో బస్తా బస్తాలాగే ఉంది. ఏంటి బాబాయ్ ఈ నాటకం?"

"మెల్లగా. చేపలు వింటాయి."

"చేపల్లేవు."

ఆయన హాల్లోకి తొంగి చూసి తలుపు దగ్గరగా వేశాడు. "ఏడో నంబరు పెళ్లాం మొన్నామధ్య వెనక గుమ్మంలోకి వచ్చింది. వాడికి బీపీ పైపైకి పోతోందట. నెలాఖరుకి మళ్లీ పరీక్ష. దిగకపోతే బస్సు తీసేసుకుని గేటు దగ్గర కుర్చీ వేస్తారు. ఆ పిల్ల ఇంట్లో ఉప్పు తగ్గిస్తోంది. రెండు పూటలూ మెక్కేది ఇక్కడ కదా."

"ఆయనకే చెప్పొచ్చుగా?"

"చెప్తే వింటాడా? నాకేంటని ఇంకో గిన్నెడు తింటాడు."

"ఆయన పళ్లెంలో ఒక్కదాన్లో తగ్గించు."

"పక్కవాడి పళ్లెంలోంచి లాక్కుంటాడు. అందరి పళ్లాల్లోనూ లేకపోతే ఎక్కడికి పోతాడు?"

"మరి నీ ఉద్యోగం?"

"చేపలు చూసుకుంటాయి" అని గరిటె అందుకున్నాడు.

ఆ రోజు నుంచి నేనూ చేపల పార్టీలో చేరిపోయాను. కూర చప్పగా ఉందేంటక్కా అని ఎవరడిగినా తొట్టి వైపు వేలు చూపించేదాన్ని.

నెలాఖరు వచ్చింది. పొద్దున పరీక్షకి వెళ్లిన ఏడో నంబరు మధ్యాహ్నానికి కూడా రాలేదు. బాబాయి కూర కలుపుతూ నాలుగుసార్లు గుమ్మంలోకి వచ్చి చూశాడు. చేపలు కంగారు పడుతున్నాయన్నాడు.

ఆఖరికి వేలికి బస్సు తాళాలు తిప్పుకుంటూ వచ్చాడు ఏడో నంబరు. ఇన్నాళ్లూ దాచిందంతా తనే హాలంతా వినపడేలా చెప్పాడు. "బీపీ బాగా దిగిందట. డాక్టరే నోరెళ్లబెట్టాడు. పొద్దున్నే నడుస్తున్నాగా మరి. ఈ చప్పిడి తిండి తిని కూడా నిలబడ్డానంటే నా ఒళ్లు అలాంటిది."

"అవును. నీ ఒళ్లు అలాంటిది" అన్నాడు బాబాయి.

ఆ సాయంత్రమే నీళ్లు పండాయి. గోరంత నీలం చేపలు రెండు దిగాయి. డ్రైవర్లంతా భోజనాలు వదిలేసి గాజుకి ముక్కులానించారు. కూర మాత్రం అదే చప్పిడి. కాకపోతే ఉప్పు సీసాలు మళ్లీ బల్లలెక్కాయి, కావలసినవాళ్లు చల్లుకోమన్నాడు. మేనేజరు చల్లుకుని తిని, బాబాయి జోలికి మళ్లీ రాలేదు.

ఏడో నంబరు తన సీసా తీసి కూర మీద వంచాడు. రాలేదు. బల్లకేసి కొట్టాడు. గింజ కూడా రాలలేదు.

"ఇదేంటి బాబాయ్?"

"తేమ పట్టేసింది. నీ బల్ల తొట్టి పక్కనే కదా. ఈ చేపలతో ఇదే చిక్కు."

ఏడో నంబరు చేపల్ని కొరకొరా చూసి, వాటిని తిట్టుకుంటూ చప్పటి కూరే తిన్నాడు.

బల్లలు తుడిచేటప్పుడు ఆ సీసా మూత విప్పి చూశాను. లోపలివైపు, బెజ్జాలన్నిటికీ కొవ్వొత్తి మైనం నున్నగా పూసి ఉంది. మూత గట్టిగా బిగించి, తుడిచి, ఏడో నంబరు బల్ల మీద తొట్టి వైపుగా పెట్టేశాను.