మిరియాలు లేని చారు

పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో కనకానికి ఆస్తి అంటూ ఉన్నది ఒక్కటే, కోడి చారు. ఇల్లు అత్త అమ్మాయమ్మది. బండి సీట్లకు కవర్లు కుట్టే షాపు భర్త పద్మనాభన్‌ది. చారు మాత్రం అచ్చంగా ఆమెది. ఏంబలంలో పుట్టింటి పెరట్లో తిరిగిన నాటుకోడి, మట్టి చట్టి, అప్పటికప్పుడు రోట్లో దంచిన మిరియాలు. వీధిలో ఎవరు మూలిగినా ఒక గ్లాసు ఆ ఇంటికి వెళ్ళేది. తాగినవాళ్ళకు కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు కారేవి. జలుబు దిగిందని వాళ్ళనుకునేవాళ్ళు, తన చెయ్యి మంచిదని కనకం అనుకునేది.

మరిది భువనేశ్ కవిప్రియను పెళ్ళి చేసుకొచ్చిన ఏడు, అంటే 2006లో, ఆ ఆస్తికి మొదటిసారి గండం వచ్చింది.

డిసెంబరులో ఇంటిల్లిపాదీ వ్యాను మాట్లాడుకుని ఊటీకి బయలుదేరారు. పుదుచ్చేరిలో పుట్టి పెరిగినవాళ్ళకు చలి సంగతి పెద్దగా తెలియదు. వేకువన నాలుగు రోజులు చెవులకు మఫ్లరు చుట్టుకుంటే వాళ్ళకదే చలికాలం. గ్యాసు పొయ్యి, బియ్యం, గిన్నెలు వ్యానెక్కాయి. మిరియాల పొట్లం మాత్రం కనకం తన చేతిసంచిలో పెట్టుకుంది. దాన్ని ఇంకొకరి చేతికివ్వదు.

కొండ మలుపుల్లో ఆమె కడుపులో తిప్పడం మొదలైంది. కవిప్రియ కిటికీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "అక్కా, నిమ్మకాయ వాసన చూస్తావా?" అని అడిగింది. అందులో తప్పేమీ లేదు. ఆ పిల్ల చేసేవాటిలో ఎప్పుడూ తప్పేమీ ఉండదు. కనకానికి ఒళ్ళు మండేది అందుకే.

లాడ్జి చేరగానే కనకం మంచమెక్కింది. పక్క మంచం మీద అమ్మాయమ్మ రెండు రగ్గులు కప్పుకుని ఒకటే దగ్గు. "కనకం లేస్తే కదా నాకు చారు," అంది దగ్గుల మధ్య. ఆ మాట కనకానికి మందులా పనిచేసింది. లేవబోయింది. గది గిర్రున తిరిగింది.

"పండుకోక్కా, నేను చేస్తా," అని కవిప్రియ బజారుకు పోయి కోడి తెచ్చింది. లాడ్జి వెనక రేకుల షెడ్డులో పొయ్యి వెలిగించింది.

పద్మనాభన్ చూసొచ్చి చెప్పాడు. "అల్లం, చిన్న ఎర్రగడ్డలు, క్యారెట్టు కూడా తరుగుతా ఉండాది."

"చారులో క్యారెట్టా? జడేసి పూలు కూడా పెట్టమను," అంది కనకం.

కాసేపటికి గరిటతోనే గుమ్మంలోకి వచ్చింది కవిప్రియ. "అక్కా, మిరియాలు యాడ పెట్టినావు?"

చేతిసంచిలోంచి తీసి పెట్టుకున్న పొట్లం కనకం తలగడ కిందే ఉంది. ఈ గింజల చరిత్ర మొదటినుంచీ గొడవే. వీటి కోసం తెల్లవాళ్ళు సగం భూగోళం చుట్టి వచ్చారు, ఒకరి ఓడలు ఒకరు ముంచుకున్నారు. గుప్పెడు మిరియాల దగ్గర ఉన్న బుద్ధి కాస్తా పోవడం కనకంతో మొదలైంది కాదు.

"ఇంట్లోనే మర్చిపోయొచ్చినా," అంది.

"సరేక్కా. వాన పట్టుకునింది, ఇప్పుడు అంగడికి యాడ పోయేది. లేకుండానే కానిస్తా."

ఆ పిల్ల వెళ్ళాక కనకానికి తల తిరగడం కూడా తగ్గింది. అత్త ఒక గుక్క తాగి, 'ఇదేంది, కోడిని కడిగిన నీళ్ళా?' అని గ్లాసు తోసేస్తుంది. అప్పుడు తను ఎలా మాట్లాడకుండా ఊరుకోవాలో అభ్యాసం చేసుకుంది.

చారు వచ్చింది. అమ్మాయమ్మ తాగింది. ఇంకో గ్లాసు పొయ్యమంది. కవిప్రియ కనకానికీ ఒక గ్లాసు తెచ్చి, వీపు వెనక చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టబోతే తలగడ జరిగింది. పొట్లం ఎప్పుడు చిరిగిందో, తెల్ల దుప్పటి మీద నల్లటి గింజలు. ఇద్దరూ చూశారు.

సరిగ్గా అప్పుడే అమ్మాయమ్మ అంటోంది: "గొంతులో మంటే లేదే. ఏం వేసినావు కవీ?"

"మిరియాలు వెయ్యలేదంటమ్మా," అన్నాడు పద్మనాభన్.

"అదా సంగతి. ఇన్నేండ్లూ కనకం చారు తాగినప్పుడంతా గొంతులో కొరివి పెట్టినట్టుండేది. ఆశగా చేసిస్తాదే అని మింగతా వచ్చినా."

కనకం నోటినుంచి మాట తనకు తెలియకుండానే జారింది. "అందుకే అత్తా, నేనే వద్దన్నా. దగ్గుకు మిరియాలు పడవని."

కవిప్రియ ఆమె మొహంలోకి చూసింది. అరచేత్తో గింజల్ని తలగడ కిందికి ఊడ్చి, మీదికి రగ్గు లాగింది. "అవునత్తా," అంది. "అక్కే వద్దనింది."

ఆ పిల్ల నిజం చెప్పేసి ఉంటే కనకం పోట్లాడేది, ఏడ్చేది, తెల్లారేసరికి మామూలయ్యేది. ఇప్పుడు చేసేదేమీ లేక చారు తాగింది. బాగుంది. క్యారెట్టు కూడా బాగుంది.

ముత్తియాల్‌పేటలో ఇప్పుడు ఆ ఇంట కోడి చారు పెట్టేది కవిప్రియే. పెట్టిన ప్రతిసారీ, ఇంట్లో ఎంతమంది ఉన్నా సరే, వంటింట్లోంచి కేకేసి అడుగుతుంది: "అక్కా, మిరియాలు వేసేదా, వద్దా? నువ్వే చెప్పాల."

"అడిగి చెయ్యి, దానికి తెలుస్తాది," అంటుంది అమ్మాయమ్మ.

అది మర్యాదో, ఎత్తిపొడుపో కనకం ఇంతవరకు తేల్చుకోలేదు. ఆ గొంతులో ఎంత వెతికినా తప్పు దొరకదు. రోటి పక్కనే కూర్చుని, "వద్దు," అంటుంది.