టైల్స్ పిన్ని కాళ్లు సాగదీసిన మూడు వారాలు

టైల్స్ పిన్నికి యాభై దాటాయి. ఇరవై రెండేళ్లుగా ఎవరెవరి గదుల్లోనో మోకాళ్ల మీద కూర్చుని నేల పరుస్తోంది. ఈ మధ్య ఆ కూర్చోవడమే కుదరడం లేదు. తొడల ముందు కండరాలు కర్రల్లా బిగుసుకుపోయి సగంలోనే ఆపేస్తున్నాయి.

"పిన్నీ, రేపట్నుంచి నువ్వు సిమెంటు మాలు కలుపు. కూర్చోలేనిదానివి నేలేం వేస్తావ్?" అన్నాడు మేస్త్రి.

"మూడు వారాలు ఆగు. అప్పటికీ కూర్చోలేకపోతే తాపీ నీ చేతిలో పెట్టి పోతాను. మాలు మాత్రం కలపను."

ఇంటికెళ్లి, తొడ సాగాలని పాదం వెనక్కి పట్టుకుని లాగింది. టైలు కుదురుకునేదాకా రబ్బరు సుత్తితో తట్టినట్టు ఒకటే కుదుపులు. తెల్లారేసరికి తొడ పట్టేసింది.

కోడలు ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పుతుంది. "అత్తయ్యా, అదేమైనా టైలా, కొట్టి కూర్చోబెట్టడానికి?" అని కోప్పడి, నొప్పి పోయేదాకా కాలు ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత దగ్గరుండి నేర్పింది.

"ముందు పది నిమిషాలు నడవండి, ఒళ్లు వేడెక్కాలి. ఇప్పుడు ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో మడమ మెల్లగా వెనక్కి లాగండి. మోకాళ్లు దగ్గరగా. నడుము విరవకండి. లాగినట్టుండాలి, నొప్పి పుట్టకూడదు. పుడితే వదిలెయ్యండి. ఊపిరి బిగపట్టకుండా ముప్పై లెక్కపెట్టండి."

పిన్ని అంకెలకు బదులు దేవుడి పేరు ముప్పైసార్లు అనుకునేది. పని మధ్యలోనూ ఒంటికాలి మీద నిలబడి సాగదీయడం మానలేదు.

"కొంగ జపం మొదలైందిరోయ్!" అనేవారు కూలీలు.

"చేపలు మీరేగా, జాగ్రత్త!" అనేది పిన్ని, కాలు దించకుండానే.

పెయింటరు మాత్రం నవ్వలేదు. రోజూ గోడ మీద పిన్ని చెయ్యి ఆనించేంత చోటు రంగు వెయ్యకుండా ఆఖరుకి ఉంచేవాడు. అడక్కుండానే.

గడువు రోజు మేస్త్రి పూజగది చూపించి నేల వెయ్యమన్నాడు. అందరూ గుమ్మంలో మూగారు. పిన్ని మెల్లగా మోకాళ్లు ఆనించి, మడతపెట్టిన గోనెసంచి మడమల మీద వేసుకుని కూర్చుంది.

"సంచి తీసి కూర్చో చూద్దాం."

"పూర్తిగా వంగడానికి ఇంకో నెల పడుతుంది. నీకు నేల కావాలా, సర్కసు కావాలా?"

మధ్యాహ్నానికి నేల పూర్తయింది. మేస్త్రి నాలుగు మూలలా లెవెల్ బద్ద పెట్టి చూశాడు. అందులోని బుడగ నడిమధ్య నుంచి కదల్లేదు.

"సరే, రేపు పక్క గది వెయ్యి," అన్నాడు గొంతు తగ్గించి.

"వేస్తాను. కానీ గంటకోసారి లేచి కాళ్లు సాగదీసుకుంటాను. అప్పుడు నన్ను పిలవొద్దు, తొందరపెట్టొద్దు. ఒప్పుకుంటేనే వస్తాను."

మేస్త్రి తలూపాడు.

"తలూపడం కాదు, వీళ్లందరికీ వినపడేట్టు చెప్పు."