సబ్బు బార్ల మీద నేర్పిన పని

మా పక్కింటి మాస్టారు పోయిన మంగళవారం కన్నుమూశారు. కూర్మన్నపాలెంలో మా రెండిళ్లకూ గోడ ఒకటే. ఆ ఉదయం ఆయన దగ్గు వినబడలేదు. కాసేపటికి వాళ్లావిడ ఏడుపు వినబడింది.

ఆయన ప్రభుత్వ ఐటీఐలో లేత్ పని నేర్పేవారు. ఇనుప కడ్డీని తిప్పుతూ కోసి మిషన్ల భాగాలు చేసే పని అది. కడ్డీలకు నిధులు రాకపోతే బట్టల సబ్బు బార్లు బిగించి వాటిమీదే నేర్పేవారు. సాయంత్రం ఆ తురుమును సంచిలో తెచ్చి పెరటి గోడ మీంచి నాకు అందించేవారు.

"ఉతుక్కో సెల్లెమ్మా. గవర్నమెంటు సదువు, బాగా నురగొస్తాది."

నాకు నవ్వు వచ్చేది కాదు.

మా మరిదికి ఆటోనగర్‌లో వర్క్‌షాపు ఉంది. పరిశ్రమలకు పన్ను తగ్గించినప్పుడు, అలా మిగిలిన డబ్బుకు అప్పు కలిపి కంప్యూటర్‌తో నడిచే కొత్త లేత్ కొన్నాడు. చూడటానికి మాస్టారితో పాటు నేనూ వెళ్లాను.

"సూడండి మాస్టారూ, పన్ను తగ్గితే ఏటవుతాదో! ఇక పని రెట్టింపే," అన్నాడు మరిది.

"బాగుంది బావూ. మరి టార్పాలిన్ కప్పేసినావేటి?"

"నడిపేవోడు దొరకలేదండి. మీ కుర్రోళ్లని పంపండి."

"మావోళ్లకి సబ్బు కొయ్యడం వచ్చు. నీ మిషన్లో సబ్బెడతావేటి?"

మరిది పగలబడి నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. "నాను రిటైరయ్యేలోగా మా ఐటీఐకి ఇలాటిది ఒక్కటిమ్మని గవర్నమెంటుని అడిగి అడిగి నోరెండిపోయింది. డబ్బుల్లేవంటారు. మిషనొచ్చింది బావూ, నడిపే సెయ్యేది?" అన్నారు.

పన్ను తగ్గించడం తప్పని ఆయన ఎప్పుడూ అనలేదు. మావారి జీతం మీద పన్ను తగ్గినప్పుడు మేమూ సంతోషించాం. కానీ ఇల్లు నడిపేదాన్ని, నాకు తెలుసు: సరుకులు తెచ్చి పడేస్తే వంట అవదు. వండటం ఎవరికైనా నేర్పాలి. ఇంత చిన్న మాట పైనున్న పెద్దవాళ్ల చెవికి ఎందుకు ఎక్కదో!

మాస్టారి స్థానంలో ఎవరినీ వేయరట. లేత్ తరగతే ఎత్తేస్తారట. చివరిచూపుకు వచ్చిన కుర్రాళ్లు వాకిట్లో అదే అడిగారు. "మాకింక ఎవరు సెప్తారండీ?" మా మరిది అక్కడే ఉన్నాడు.

నిన్న బట్టలు నానబెడదామని సంచి తీస్తే, అడుగున కాస్త తురుము మిగిలి ఉంది. ఒకదాని కొస పట్టుకుని పైకెత్తాను. ఎక్కడా తెగకుండా, మొదటినుంచి చివరిదాకా ఒకే మందాన, గుండ్రంగా చుట్టుకుంటూ లేచింది. ఏ కుర్రాడిదో ఆ చెయ్యి. నీళ్లలో వేయబుద్ధి కాలేదు. కుళాయి కింద బకెట్ నిండి పొర్లిపోతూనే ఉంది.