బస్సు హారన్ వినిపించే ఆట

సుమిత్ర చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గానీ, ఆమె వేళ్ల చురుకును మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. బొల్లారంలో కంపెనీ బస్సులు ఆగేచోట ఆమెది చిన్న చాయ్ హోటల్. తొంభై మూడులో, కంపెనీలో పనిచేసే ఆమె భర్త మల్లయ్య పట్నం నుంచి ఒక వీడియో గేమ్ మిషన్ తెచ్చి గోడవారన నిలబెట్టాడు. నిలువెత్తు చెక్కపెట్టె, అందులో టీవీ, కింద అటూఇటూ తిప్పే ఒక పుల్ల, రెండు బటన్లు. రూపాయి బిళ్ల వేస్తే విమానం లేస్తుంది, కాల్పులు మొదలవుతాయి. కథ లేదు, కాకరకాయ లేదు.

డ్యూటీకి పోయేవాళ్లు చాయ్ తాగుతూ ఒక ఆట ఆడేవారు. ఒకడు ఆడుతుంటే వెనక ఉన్నవాళ్లంతా గొంతు చించుకునేవారు. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక సుమిత్ర కొంగు నడుముకు చెక్కి దిగేది. ఆమె ముందు మగాళ్లెవరూ నిలవలేదు. పొద్దంతా ఊరి కోసం గ్లాసులు కడిగే చేతులు, ఆ కాసేపు తనవి అనిపించేవి.

రెండువేల రెండులో మల్లయ్య కొత్త ఆట తెచ్చాడు. పెద్ద టీవీ, సీడీ, చెవులు చిల్లులుపడే స్పీకర్లు.

"పాతది తీసెయ్యాలె, జాగ లేదు. రేపు యాదగిరి ట్రాలీ ఆటో తెస్తడు, తుక్కుకేద్దం," అన్నాడు.

"నేనాడుకుంటున్న గదా, ఉండనియ్యరాదు."

"నువ్వేమన్న చిన్నపోరివా? గీ కొత్తది సూడు."

చూసింది. తెరమీద మనిషి నడిచాడు, ఇంగ్లిష్‌లో మాట్లాడాడు, తలుపు తీశాడు, మళ్లీ మాట్లాడాడు. "వీడు తుపాకి పట్టేలోపల అన్నం ఉడుకుతది," అంది సుమిత్ర. నవ్వులాటకే అంది గానీ, పోయి పాత మిషన్ మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

మరునాడు పొద్దున యాదగిరి మిషన్‌ను ట్రాలీకెక్కించి తాళ్లు కట్టి, చాయ్ తాగుతూ నిలబడ్డాడు. సుమిత్రకు ఏడుపొచ్చింది. పెట్టె కోసం ఏడిస్తే నవ్వుతారని గ్లాసులు గట్టిగా తోమింది.

లోపల మల్లయ్యా, అతని జోడీగాళ్లూ కొత్త ఆటకు అతుక్కుపోయారు. పాత ఆటలో విమానం ఇట్టే కూలేది, తలెత్తితే బస్సు కనిపించేది. ఇందులో చచ్చినవాడు చచ్చినచోటే లేస్తాడు, లేచినకొద్దీ ఆడాలనిపిస్తుంది. బయట కంపెనీ బస్సు హారన్ మీద హారన్ కొట్టింది. సుమిత్ర కేకేసింది. ఆ స్పీకర్ల మోతలో ఎవరికి వినపడాలి? బస్సు వెళ్లిపోయింది.

తీరా బయటికొచ్చి అందరూ నెత్తి పట్టుకున్నారు.

"గేటు మూసిండ్రంటే ఇయ్యాల డ్యూటీ పోయినట్టే!" అన్నాడొకడు.

షేర్ ఆటో ఒక్కటీ లేదు. ఉన్నది యాదగిరి ట్రాలీయే.

"మమ్ముల తీస్కపోవే, అన్నా!"

"యాడ కూసుంటరు? పెట్టె ఉన్నది గదా," అన్నాడు యాదగిరి.

అందరూ మల్లయ్య వైపు చూశారు. మల్లయ్య నేలవైపు చూశాడు.

"దించుర్రి ఇగ," అన్నాడు.

పరుగున తాళ్లు విప్పారు. మిషన్ మోసుకొచ్చి మళ్లీ గోడవారన పెట్టారు. ట్రాలీ ఎక్కుతూ మల్లయ్య పెద్దరికం పోకుండా, "సాయంత్రం యాదగిరి మల్లొస్తడు, అప్పుడు పంపుదం," అన్నాడు.

సుమిత్ర గడప దాకా వచ్చింది. "యాదగిరి ఉత్తగనే రానీ, చాయ్ పోస్త. మిషన్ మీద చెయ్యేస్తె మాత్రం ఊకోను. అది నాది!"

ట్రాలీలో ఒక్కసారిగా నవ్వులు, ఈలలు. మల్లయ్యకూ నవ్వాగలేదు. "నీదే తల్లీ, నీదే! జల్దీ పోనియ్ యాదగిరీ," అని అరిచాడు.

ఆ పొద్దు చాయ్ అడిగినవాళ్లందరూ, సుమిత్ర ఆట అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది.