అరిగిన మాటలు

1974 జూలైలో ఒక సోమవారం కలకత్తా పక్క సంత్రాగాఛిలో హౌరా లోకల్ రైలు ఎక్కాం. ఆరేళ్ల మా అమ్మాయి పక్కనున్న గంప చూపించి, "అమ్మా, సేప సూడు!" అని అరిచింది.

ఎదుటి సీట్లో ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి తెలుగువాడే. నవ్వాడు. "ఏవమ్మా, పిల్లకి చేప అనడం నేర్పలేదా? ఇదేం కూలి తెలుగు?"

నాకు ఒళ్లు మండింది. "ఏమమ్మా అన్నది మీ నోట్లో ఏవమ్మా అయిపోనేదా బాబూ? మీ నోట్లో అరిగితే నాగరికం, మా నోట్లో అరిగితే కూలి బాసా?"

అతను కిటికీ వైపు తిరిగాడు. గెలిచాననుకున్నాను. పిల్ల మాత్రం హౌరా దాకా ఇరవై నిమిషాలూ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

యాభై ఒక్క ఏళ్లయినా నా కోపం పిసరంతైనా తగ్గలేదు. మా అమ్మాయికిప్పుడు యాభై ఏడు. తెలుగు మాట్లాడితే ఇప్పటికీ చెయ్యి నోటి మీదికి పోతుంది.